వాయె రెబోను నిలబెట్టిన కింది ఊరు

ఇండోనేషియా పల్లె అని వెతికితే ముందు వరసలో కనిపించే ఫొటోల్లో వాయె రెబోది ఒకటి. చుట్టూ అడవి కమ్మిన కొండలు, మధ్యలో పచ్చటి మైదానం, అందులో అర్ధవృత్తంగా నిలబడ్డ ఏడు గుడిసెలు. ఒక్కొక్కటి రెండు మూడు అంతస్తుల మేడంత ఎత్తు. పైన పొగమంచు. ఈ ఫొటో చూసినవాళ్లకు కాలం ఆగిపోయిన చోటనీ, బయటి లోకం గాలి సోకని ఊరనీ అనిపిస్తుంది. పర్యాటక ప్రకటనలూ అదే చెబుతాయి. ఆ ఊరు ఎలా బతుకుతోందో కాస్త దగ్గరగా చూస్తే మాత్రం సంగతి వేరు. కొండ కింద దానికి ఇంకో ఊరుంది. పిల్లల చదువు, బియ్యం, సంత, ప్రభుత్వ కాగితాలు అన్నీ కిందే. కింద ఆ ఊరే లేకపోతే పైన ఈ ఏడు గుడిసెలు ఈపాటికి మిగిలేవి కావు.

బాలి నుంచి తూర్పుగా వెళ్తే లొంబోక్, సుంబావా దీవులు దాటాక, కొమొడో బల్లులుండే చిన్న దీవుల పక్కన మొదలవుతుంది వాయె రెబో ఉన్న దీవి, ఫ్లోరెస్. పొడవు 350 కిలోమీటర్లకు పైనే. వెడల్పు తక్కువ, కొండలు ఎక్కువ, అగ్నిపర్వతాలూ ఉన్నాయి. పాలనపరంగా తూర్పు నుసా తెంగారా ప్రావిన్సులో భాగం. దేశంలో పేదరికం ఎక్కువగా ఉన్న ప్రావిన్సుల్లో ఇదొకటి. ప్రపంచంలోకెల్లా ఎక్కువమంది ముస్లింలున్న దేశంలో, ఫ్లోరెస్ జనంలో అత్యధికులు కేథలిక్కులు. పోర్చుగీసువాళ్ల రాకతో మొదలైన మతం, 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో మిషనరీల బడులతో, ఆసుపత్రులతో లోపలి కొండలకు చేరింది. దీవి పడమటి భాగంలో ఉండేవాళ్లు మంగ్గరాయ్ జనం. భాష వాళ్లదే, ఆచారం వాళ్లదే. మంగ్గరాయ్ జిల్లాకు ముఖ్యపట్టణం రుతెంగ్. వాయె రెబో ఆ జిల్లాలో దక్షిణపు అంచున, సముద్రమట్టానికి 1,100 మీటర్లకు పైన ఉంది.

అక్కడికి రోడ్డు లేదు. దక్షిణ తీరానికి దగ్గరగా ఉన్న దెంగె దాకా బండి వెళ్తుంది. ఒకప్పుడు అక్కడి నుంచే నడక, మూడు నాలుగు గంటలు. తర్వాత వాయె లొంబా అనే వాగు దాకా దారి వేశారు కనుక ఇప్పుడు రెండు, రెండున్నర గంటల్లో ఎక్కేయొచ్చు. వాన పడితే జారుడే జారుడు, జలగలు. ఊరివాళ్లు ఇదే దారిలో కాఫీ బస్తాలు మోసుకుని దిగుతారు, బియ్యం, నూనె, ఉప్పు మోసుకుని ఎక్కుతారు.

ఊరి పుట్టుక గురించి చెప్పుకునే కథలో మూలపురుషుడు ఎంపో మారో. సుమత్రా దీవిలోని మినాంగ్‌కబావ్ ప్రాంతం నుంచి ఆయన సముద్రం మీద వచ్చాడనీ, ఫ్లోరెస్‌లో ఒకచోట కుదురుకోలేక ఎన్నో చోట్లు మారి చివరికి ఇక్కడ స్థిరపడ్డాడనీ అంటారు. దారిలో ఒక పునుగుపిల్లి ఆ కుటుంబాన్ని ఆపద నుంచి తప్పించిందట. అందుకే ఈ ఊళ్లో పునుగుపిల్లి మాంసం ముట్టరు. దీన్ని చరిత్ర అనడానికి రుజువులు లేవు. అయినా వలస వచ్చి, చోట్లు మారి, కొండ మీద దాక్కున్నట్టుగా స్థిరపడటం మంగ్గరాయ్ కథల్లో తరచుగా వినిపించేదే. తీరం మీద సుంబావాలోని బీమా సుల్తానులు, సులవేసీ దీవిలోని గోవా రాజ్యం (మన గోవా కాదు) పెత్తనం కోసం పోటీపడ్డ కాలాలున్నాయి. 20వ శతాబ్దం మొదట్లో డచ్చివాళ్లు వచ్చి గట్టిగా అదుపులోకి తెచ్చుకునేదాకా లోపలి కొండలు ఎవరి చేతికీ సరిగా చిక్కలేదు. అలాంటి చోట ఎత్తు, అడవి, నీటి ఊట, మూడూ ఉన్న గుంటలాంటి మైదానం దొరికితే ఎవరు వదులుకుంటారు?

ఇక ఇళ్లు. ఆ కట్టుబడిని మ్బారు నియాంగ్ అంటారు. ఉత్తరాంధ్ర తీరంలో తుపాను గాలికి ఎదురొడ్డేలా కట్టుకునే చుట్టిల్లు తెలిసినవాళ్లకు దీని తర్కం వెంటనే అర్థమవుతుంది. గుండ్రటి నేల, దాదాపు నేలదాకా దిగిన గడ్డికప్పు, గాలి పట్టుకోవడానికి మూల అనేదే లేని రూపం. అయితే చుట్టిల్లు ఒక కుటుంబానికి సరిపోయేది. ఇది ఒక వంశం మొత్తానిది. పెద్ద ఇల్లు నియాంగ్ గెందాంగ్‌లో ఎనిమిది కుటుంబాలు, మిగతా ఆరు ఇళ్లలో ఆరేసి కుటుంబాలు ఉండేలా కట్టడం పద్ధతి. పెద్ద ఇల్లు 15 మీటర్ల దాకా లేస్తుంది.

లోపల అయిదు అంతస్తులు. మనుషులు మసిలేది కింది అంతస్తులోనే. గుమ్మం వైపు సగం అందరిదీ. అతిథులు వచ్చినా, పంచాయతీ జరిగినా, చావు దినం పెట్టినా అక్కడే కూర్చుంటారు. వెనక సగం చుట్టూ కుటుంబానికొక చిన్న గది. మధ్యలో పొయ్యి. దాని మీద ఒకటి పైన ఒకటిగా నాలుగు అటకలు. మొదటి అటక మీద రోజువారీ తిండిగింజలు, సామాను. దాని పైది విత్తనాలకు. దాని పైది కరువొస్తే తినడానికి దాచే గింజలకు. కొసన ఉన్నది పూర్వీకులకు పెట్టే నైవేద్యానికి. ఈ వరసలోనే ఊరి లెక్క కనిపిస్తుంది. తినేది చేతికి అందే ఎత్తులో ఉంది. విత్తనం నిచ్చెన ఎక్కి తీయాల్సిన ఎత్తులో ఉంది. కరువు గింజ ఇంకా పైన ఉంది, ఆకలేసిందని ఎవరూ ఊరికే తీయరు. కిందనుంచి లేచే పొగ ఈ అంతస్తులన్నిటినీ దాటుకుంటూ కప్పులోంచి బయటికి పోతుంది. గింజకు పురుగు పట్టకుండా, పేము కట్లు పుచ్చిపోకుండా, గడ్డి కుళ్లకుండా ఆపేది ఆ పొగే. ఇంట్లో పొయ్యి వెలగడం మానేస్తే కప్పు ఆయుష్షు తగ్గిపోతుంది. ఖాళీగా ఉంచి కాపాడదామంటే కుదరని ఇల్లు ఇది. ఊరు సంగతి చెప్పుకునేటప్పుడు ఇదే అన్నిటికంటే ముఖ్యమైన విషయం.

కట్టడంలో మేకు వాడరు. వొరోక్ అనే గట్టి చెక్కతో స్తంభాలు, వెదురుతో వాసాలు, పేము తీగతో కట్లు, పైన దర్భ జాతి గడ్డి, దానికి తోడుగా తాటి జాతికి చెందిన ఒక చెట్టు నల్లటి నార. నడిమి స్తంభానికి ఊరి డోళ్లు, గంటలు వేలాడతాయి. పెద్ద ఇంటికి డోలు పేరే ఉంది, ఎందుకంటే ఊరి పెత్తనానికి గుర్తు డోలే. డోలు లోపల, పొలం బయట అని మంగ్గరాయ్ వాళ్ల సామెత ఒకటుంది. డోలున్న ఇంటికీ, ఆ ఇంటి పేరున పంచిన సాగుభూమికీ విడదీయరాని సంబంధం ఉందని దాని భావం. ఉమ్మడి భూమిని లింగ్కో అంటారు. మధ్యలో గుంజ పాతి, అక్కడి నుంచి బయటికి సాలెగూటి దారాల్లా గీతలు గీసి, కుటుంబాలకు వాటాలు పంచడం వాళ్ల ఆచారం. పంచే పెద్దను తువా తెనో అంటారు, ఊరి పెద్దను తువా గోలో అంటారు. రుతెంగ్ దగ్గర చంచార్‌లో ఈ సాలెగూటి మడులు ఇప్పటికీ కొండ మీదనుంచి స్పష్టంగా కనిపిస్తాయి.

ఇలాంటి గుండ్రటి పెద్ద ఇళ్లు ఒకప్పుడు మంగ్గరాయ్ అంతటా ఉండేవి. 20వ శతాబ్దంలో ఒక్కొక్కటే పోయాయి. రోడ్డు పక్కన వరసగా ఇళ్లు కట్టుకోవడం, జింకు రేకు, ఒక్కో కుటుంబానికి ఒక్కో ఇల్లు, ఇవి ఆధునికతకు గుర్తులయ్యాయి. రేకు కప్పును తప్పుపట్టడం అన్యాయం. గడ్డి కప్పు కొన్నేళ్లకోసారి మార్చాలి, దానికి పదుల సంఖ్యలో మనుషులు కావాలి, వాళ్లందరికీ వండిపెట్టాలి. రేకు ఒకసారి వేస్తే ఏళ్లతరబడి చూసుకోనక్కర్లేదు. పొగ నిండిన గదిలో కళ్లు మండుతూ వంట చేసే ఆడవాళ్లను అడిగితే, పాత ఇల్లే మేలని ఎంతమంది అంటారు? వాయె రెబోలో ఇళ్లు మిగలడానికి ఆచారం మీద ప్రేమ ఒక కారణమైతే, రేకు మోయడానికి దారి లేకపోవడం ఇంకో కారణం అనుకోవచ్చు. అయినా అక్కడా అరుగుదల తప్పలేదు. 2008 నాటికి ఏడు ఇళ్లలో నాలుగే మిగిలాయి, వాటిలోనూ కొన్ని శిథిలమయ్యాయి.

ఆ సంవత్సరమే జకార్తా వాస్తుశిల్పి యోరి అంతార్ తన బృందంతో అక్కడికి వెళ్లారు. అప్పటికి ఇండోనేషియాలోనే ఈ ఊరి పేరు తెలిసినవాళ్లు తక్కువ. నగరం నుంచి నిపుణులు వెళ్లి పాత ఇంటికి నకలు కట్టిచ్చి రావడం తరచుగా జరిగేదే. ఇక్కడ పని చేసిన తీరు వేరు. కట్టేది ఊరివాళ్లే. పడిపోవడానికి సిద్ధంగా ఉన్న ఇంటిని భాగం భాగంగా విప్పుతూ, ఏ కర్ర ఎక్కడిది, ఏ కట్టు ఎలా వేశారు అని చూసుకుంటూ మళ్లీ నిలబెట్టారు. చేయి తిరిగిన పెద్దలు ఇంకా బతికి ఉన్నారు, వాళ్లు చెబుతుంటే కుర్రాళ్లు నేర్చుకున్నారు. వాస్తుశాస్త్రం చదివే విద్యార్థులు వచ్చి కొలతలు రాసుకున్నారు. డబ్బు దాతల నుంచి వచ్చింది. కొన్నేళ్లలో ఏడూ మళ్లీ లేచాయి. 2012లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ అవార్డుల్లో అగ్రస్థానంలో ఉండే ఎక్సలెన్స్ పురస్కారం వచ్చింది. 2013లో ఆగాఖాన్ వాస్తు పురస్కారం తుది జాబితాకూ ఎక్కింది.

పదేళ్లు ఆలస్యమై ఉంటే ఈ పని జరిగేది కాదు. ఇల్లు కూలితే మళ్లీ కట్టుకోవచ్చు. కట్టు వేయడం తెలిసిన చివరి మనిషి పోతే ఎన్ని కొలతలు రాసుకున్నా లాభం లేదు. పేము తీగను ఎంత బిగించాలో, ఏ నెలలో కోసిన వెదురుకు పురుగు పట్టదో పుస్తకంలో రాసి పెట్టినంత మాత్రాన చేతికి రాదు. అవార్డు ఇళ్లకు ఇచ్చారు కానీ, అసలు కాపాడుకున్నది ఆ చేతి పని. ఇవాళ ఇరవై, ముప్ఫై ఏళ్ల వయసులో ఉన్న కొందరికైనా అది వచ్చు. తరవాతి కప్పు వేసే రోజున పిలవడానికి మనుషులున్నారు.

ఇప్పుడు కింది ఊరి సంగతి. దాని పేరు కొంబొ. దెంగెకు దగ్గర్లో, రోడ్డు అందే ఎత్తులో ఉంటుంది. అక్కడి కుటుంబాలు వాయె రెబో కుటుంబాలే. అన్నదమ్ముల్లో ఒకరు పైన, ఒకరు కింద. ఒకే మనిషి కాఫీ కోతలకు పైకి, మిగతా రోజుల్లో కిందికి. పైన బడి లేదు. పిల్లలకు ఆరేడేళ్లు వచ్చేసరికి కిందికి పంపాలి. తాతల, అమ్మమ్మల దగ్గరో, బంధువుల ఇంట్లోనో ఉండి చదువుకుని, సెలవులకు కొండ ఎక్కుతారు. అందుకే మామూలు రోజుల్లో పైన చూస్తే చంటిపిల్లలు, పెద్దవాళ్లు కనిపిస్తారు, బడి వయసు పిల్లలు తక్కువ. ఆరేళ్ల పిల్లను రెండు మూడు గంటల నడక దూరాన వదిలి రావడం ఏ తల్లికీ తేలిక కాదు. ఫొటోలో కనిపించని ఖరీదు ఇదే, దీన్ని ముందు కట్టేది పిల్లలే.

ఆరోగ్యం విషయంలోనూ అంతే. జ్వరమొస్తే నడిచి దిగాలి, నడవలేకపోతే మోసుకొచ్చేవాళ్లు కావాలి. నెలలు నిండిన ఆడవాళ్లకు ఆ దారి ఎంత టెన్షనో చెప్పనక్కర్లేదు.

బతుకుతెరువు కాఫీ. అడవి అంచున నీడలో అరబికా, రొబస్టా పెంచుతారు. ఎండాకాలపు నెలల్లో, అంటే అక్కడ మే నుంచి ఆగస్టు దాకా, కోతలు. ఊరి మధ్య చాపల మీద గింజలు ఆరబోస్తారు. ఆడవాళ్లు రోట్లో దంచి, చేటలతో చెరిగి, పెనం మీద వేయిస్తారు. మధ్యమధ్యలో మగ్గం మీద సొంగ్కె అనే నల్ల బట్ట నేస్తారు. మక్క, దుంపలు, కూరగాయలు పైనే పండుతాయి. ఆ చలికి, ఆ వాలుకి వరి సరిగా రాదు. రోజూ తినేది మాత్రం అన్నమే. కాబట్టి కాఫీ దిగితేనే బియ్యం ఎక్కుతుంది. స్వయంసమృద్ధమైన పల్లె అని ఎవరైనా రాస్తే నమ్మాల్సిన పని లేదు. డచ్చి పాలన కాలంలో కాఫీ ఈ కొండలకు వచ్చినప్పటినుంచీ మంగ్గరాయ్ రైతు బయటి సంతతో ముడిపడే ఉన్నాడు. ధర పడితే అటక మీద గింజలకూ ఆ దెబ్బ తగులుతుంది.

2012 తర్వాత రెండో ఆదాయం ఊపందుకుంది, అది పర్యాటకం. వచ్చినవాళ్లను ముందు పెద్ద ఇంటికి తీసుకెళ్తారు. పెద్దాయన మంగ్గరాయ్ భాషలో పూర్వీకులకు వీళ్ల రాక విన్నవించి, క్షేమంగా చూడమని వేడుకుంటాడు. అది పూర్తయ్యేదాకా ఫొటోలు తీయకూడదు. అతిథులకు కేటాయించిన ఇంట్లో చుట్టూతా పరుపులు, చాపలు వేసి ఉంటాయి. ఎవరైనా అందరితో కలిసి అక్కడే పడుకోవాలి, విడిగా గదులు లేవు. అప్పట్లో సాయంత్రం కొన్ని గంటలు జనరేటర్ వేసేవారు. 2010ల చివరినాటికి ఒక రాత్రి బసకు, భోజనంతో కలిపి, మనిషికి 3 లక్షల రుపియాలకు పైన తీసుకునేవారు. మన డబ్బుల్లో సుమారు 1,600 రూపాయలు. ఈ డబ్బు ఏ ఒక్క ఇంటికీ నేరుగా పోదు. ఊరి సంస్థ తీసుకుంటుంది, వంతులవారీగా వండిపెట్టే ఆడవాళ్లకు, సామాను మోసేవాళ్లకు, ఇళ్ల మరమ్మతుకు పంచుతుంది. హోటల్ కట్టుకోవడానికి బయటివాళ్లకు చోటు ఇవ్వకపోవడం వాళ్లు తీసుకున్న మంచి నిర్ణయాల్లో ఒకటి. ఉమ్మడి భూమి మీద ఏ ఒక్కడికీ అమ్మే హక్కు లేకపోవడం ఇక్కడ కవచంలా పనిచేసింది. పాత లింగ్కో ఆచారం కొత్త వ్యాపారానికి హద్దు గీసింది.

ఇబ్బందులూ ఉన్నాయి. ఒక్క రాత్రి బసకు వచ్చే డబ్బు ముందు, దంచి, చెరిగి, మోసుకెళ్లి అమ్మిన కాఫీ డబ్బు చిన్నగా కనిపిస్తుంది. యువకులు గైడ్ పనికి మొగ్గితే తోటలు చూసేదెవరు? 2020లో కోవిడ్ వచ్చి సందర్శకులు ఆగిపోయినప్పుడు, ఏ పర్యాటక ఊరైనా తన రెండో కాలు ఎంత గట్టిదో చూసుకోవాల్సి వచ్చింది. కాఫీ, మక్క, దుంపలు ఉన్న ఊరు, లేని ఊరు ఒకటి కాదు. ఇటు దీవి పడమటి కొసన ఉన్న లాబువాన్ బాజో రేవును ప్రభుత్వం అత్యంత ప్రాధాన్య పర్యాటక కేంద్రాల్లో ఒకటిగా పెట్టుకుంది. 2023 మేలో ఆసియాన్ దేశాధినేతల శిఖరాగ్ర సమావేశం అక్కడే జరిగింది. రేవులో పెద్ద హోటళ్లు లేచేకొద్దీ కొండకు వచ్చే జనం కూడా పెరుగుతారు. ఒక రాత్రికి ఎంతమందిని పట్టగలమన్న ప్రశ్న ఊరి పెద్దల ముందుకు వస్తుంది. ఎక్కువమంది అంటే ఎక్కువ నీరు, ఎక్కువ చెత్త, ఎక్కువ కట్టెలు.

పాలన సంగతి కూడా చూడాలి. వాయె రెబో ప్రభుత్వ లెక్కలో విడి గ్రామం కాదు. సతార్ లెందా అనే గ్రామంలో అదొక వాడ. ఇండోనేషియా 2014లో గ్రామాల చట్టం తెచ్చి, 2015 నుంచి కేంద్ర ఖజానా నుంచి నేరుగా గ్రామాలకు నిధులు పంపడం మొదలుపెట్టింది. మొదటి ఏడాది 20 లక్షల కోట్ల రుపియాల చిల్లర ఉన్న ఆ పద్దు 2019కి 70 లక్షల కోట్లకు చేరింది. దాదాపు 75 వేల గ్రామాలు కనుక సగటున ఒక్కోదానికి మన లెక్కలో 45 లక్షల రూపాయలకు పైమాటే. ప్రపంచంలో పల్లెలకు నేరుగా ఇంత డబ్బు పంపిన దేశాలు ఎక్కువ లేవు. ఆ డబ్బు ఎక్కువగా దారులు, కల్వర్టులు, నీటి పైపులుగా మారింది. ఖర్చు మీద నిర్ణయం ఎన్నికైన గ్రామాధికారిది, అతని పదవీకాలాన్ని 2024 సవరణతో ఆరేళ్ల నుంచి ఎనిమిదేళ్లకు పెంచారు. డోలు పెద్ద, భూమి పెద్ద మాత్రం ఎన్నికకు నిలబడరు, వంశం ద్వారా వస్తారు. ఒకే మట్టి మీద రెండు పెత్తనాలన్నమాట. ఇళ్లు ఎక్కడ కట్టాలి, పెంతి పండుగ ఎప్పుడు చేయాలి అన్నది పాత పెత్తనం. పైపు ఎక్కడిదాకా వేయాలి, దారి ఎంతదూరం పొడిగించాలి అన్నది కొత్త పెత్తనం. సంప్రదాయ గ్రామంగా గుర్తింపు పొందే వీలు అదే చట్టంలో ఉన్నా, దేశం మొత్తంలో ఆ గుర్తింపు దాకా వెళ్లినవి చాలా తక్కువ.

పెంతి నవంబరులో వస్తుంది. పంట కోసుకుని, కొత్త సాగు మొదలయ్యే ముందు జరుపుకునే సంవత్సరాది అది. కొంబొ నుంచి, రుతెంగ్ నుంచి, బాలి నుంచి, వలస పోయిన చోట్ల నుంచి వీలైనంతమంది వస్తారు. ఊట దగ్గర, ఊరి గుమ్మం దగ్గర, మధ్యలోని గుండ్రటి రాతి దిబ్బ మీద మొక్కులు చెల్లిస్తారు. చర్చికి వెళ్లే జనమే ఇక్కడ కోడిని కోసి పూర్వీకులను పిలుస్తారు, ఆ రెండిటికీ వాళ్లకు పేచీ లేదు. కొరడాలతో తలపడే కాచి ఆట ఆడతారు. ఏ ఇంటి శాఖకు చెందినవాళ్లు ఆ ఇంట్లోనే దిగుతారు. మలేషియా తోటల్లో కూలికి పోయినవాడికీ, కుపాంగ్‌లో ఉద్యోగం చేసేవాడికీ గుండ్రటి ఇంట్లో ఒక వాటా ఉంటుంది. ఏడాదిలో మూడు రోజులే వాడినా ఆ వాటా అతనిదే.

వాయె రెబోలో ఎంతమంది ఉంటారని లెక్కవేయడం కష్టమయ్యేది ఇందుకే. రాత్రి పడుకునేవాళ్లను లెక్కపెడితే చిన్న ఊరు, వాటా ఉన్నవాళ్లను లెక్కపెడితే చాలా పెద్ద ఊరు. వచ్చే కొన్నేళ్లలో గడ్డి కప్పులు మళ్లీ మార్చాల్సి వస్తుంది. వొరోక్ చెట్లు కావాలి, అవి పెరిగే అడవికి ప్రభుత్వ నియమాలున్నాయి. పేము కావాలి, గడ్డి కావాలి, వారాల తరబడి పని వదులుకుని రాగల యాభై అరవై మంది కావాలి. ఆ మనుషుల్లో ఎక్కువమంది ఇవాళ కొండ కింద బడిలో ఉన్నారు.